కోపైలట్ ప్లస్ ల్యాప్‌టాప్ మీకు నిజంగా కావాలా? కొనే ముందు ఇలా చూసుకోండి

పోయిన నెల బాబాయ్ ఫోన్ చేసి, "ఒరేయ్, షాపతను కోపైలట్ ప్లస్ అనే ఏఐ ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నాడు, పాతది ఇక పనికిరాదంట, లక్ష దాకా అవుతుందంట, తీసేసుకోనా?" అన్నాడు. ఆయనది డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అనూ ఫాంట్లలో టైపింగు. తొందరపడకు బాబాయ్, ఆదివారం వస్తానన్నాను. ఆ రోజు వరసగా ఏమేం చూశామో అదే రాస్తున్నాను, మీరూ అలాగే చూసుకోండి.

ముందు పాతదాని రోగం ఏమిటో తేల్చాలి. పని బాగా ఎక్కువగా ఉన్న టైములో, అన్నీ తెరిచి ఉండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో పర్ఫార్మెన్స్‌లో మెమరీ, డిస్క్ ఎంతెంత ఉన్నాయో చూడండి. బాబాయ్‌ది 4 జీబీ ర్యామ్, మెమరీ 93 శాతం, డిస్క్ అయితే 100 దగ్గరే అతుక్కుపోయి కిందికి దిగడంలేదు, లోపల హార్డ్ డిస్క్ గరగరమంటోంది. ఒక్క కార్డు ఫైలు తెరుచుకునేలోపు పిన్ని టీ పెట్టి తెచ్చింది. ఇలా ఉంటే మీకు కావలసింది హార్డ్ డిస్క్ బదులు వేసుకునే, దానికన్నా చాలా వేగమైన ఎస్ఎస్‌డీ, ఇంకొంచెం ర్యామ్, అంతేగాని ఏఐ కాదు.

తర్వాత విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. మీ మెషీన్‌కి విండోస్ 11 ఎక్కుతుందో లేదో మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ చెప్పేస్తుంది. ఎక్కదు అని వస్తే కొత్తది కొనడానికి అది నిజమైన కారణమే, కాకపోతే దానికి మామూలు విండోస్ 11 ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. 2024 మే 20న సత్య నాదెళ్ల ఈ కోపైలట్ ప్లస్ పీసీలను పరిచయం చేసినప్పుడు పెట్టిన షరతులు మూడు: కనీసం 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే, ఏఐ పనుల కోసమే ఉండే ఎన్‌పీయూ అనే చిప్పు. షాపుల్లో చెప్పనిదేమిటంటే, మనం రోజూ వాడే చాట్‌జీపీటీగానీ, కోపైలట్ చాట్‌గానీ నడిచేది ఎక్కడో సర్వర్లలో, దానికి ఈ చిప్పుతో పనిలేదు, పాత ల్యాప్‌టాప్‌లోనూ అలాగే వస్తుంది. ఎన్‌పీయూ పనికొచ్చేది వీడియో కాల్‌లో వెనక దృశ్యం మసక చేయడం, వేరే భాషలో మాటలు వస్తుంటే కింద ఇంగ్లీషు క్యాప్షన్లు వేయడం, పెయింట్‌లో బొమ్మలు గీయించడం లాంటివాటికి. రీకాల్ కూడా ఉంది, అది మీ స్క్రీన్‌ని మధ్యమధ్యలో ఫొటోలు తీసి దాచుకుంటుంది. మొదట్లో భద్రత మీద గట్టిగా విమర్శలొచ్చి వాయిదా వేశారు, ఇప్పుడు మనం ఒప్పుకుంటేనే ఆన్ అవుతుంది. కస్టమర్ల ఆధార్ కాపీలు తెరిచే షాపుల్లో దాన్ని ఆన్ చేయవద్దని నా గట్టి మాట.

ఇక ప్రాసెసర్ పేరు తప్పకుండా చదవండి. ఇంటెల్, ఏఎండీ అయితే పాత సాఫ్ట్‌వేర్‌తో పెద్దగా టెన్షన్ ఉండదు. స్నాప్‌డ్రాగన్ అయితే పాత ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ ప్రింటర్, స్కానర్, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ లాంటివాటికి ఆ చిప్పు కోసమే రాసిన డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రాము) ఉండాలి, పాత డ్రైవర్ ఎక్కదు. అందుకే మీ డాంగిల్, మీ టైపింగ్ సాఫ్ట్‌వేర్ షాపుకే పట్టుకెళ్లి, డబ్బు కట్టకముందే అక్కడే పెట్టి చూపించమనండి. మొహమాటపడకండి.

ఇంత చెప్పినా ఇవి ఎవరికీ వద్దని కాదు. రోజంతా బయట తిరుగుతూ, చార్జర్ మోయలేక ఇబ్బందిపడే మా చెల్లెలిలాంటివాళ్లకి స్నాప్‌డ్రాగన్ వాటి బ్యాటరీ నిజంగా వరం, తనకి నేనే కొనమని చెప్పాను. కాకపోతే చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోలేం, ఎంత కావాలో కొనేటప్పుడే తేల్చుకోవాలి.

బాబాయ్‌కి మాత్రం ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేశాం. విండోస్ 11 కూడా ఎక్కింది. మిగిలిన డబ్బుతో కలర్ ప్రింటర్ చూస్తున్నాడు.