నోటరీ పని నేర్చుకుందాం – 3వ పాఠం: ‘నా ఎదుట’

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. ఇంట్లో బీరువాలో ఉన్న ఏదో ఒక నోటరీ కాగితం తీసి, దాని మీది గుండ్రటి ముద్రలో ఏమేం ఉన్నాయో నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఇప్పుడు సరిచూసుకోండి. ముద్ర వ్యాసం 5 సెంటీమీటర్లు. అందులో నోటరీ పేరు, ఏ ప్రాంతానికి నియమించారో ఆ ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, ‘నోటరీ’ అన్న మాట, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. 1956 నాటి నోటరీల నియమాల్లో 12వ నియమం చెప్పేది ఇదే. పాత కాగితం మీద ‘వరంగల్ అర్బన్’ అని కనిపిస్తే టెన్షన్ పడకండి. ఆ జిల్లా పేరు 2021లో హనుమకొండ అయింది, కాగితం దానికంటే ముందుది అయి ఉంటుంది.

ముద్ర చూశాం కదా, ఇవాళ ఆ ముద్ర దేనికి పడుతుందో చూద్దాం. ఈ పాఠాలన్నిటిలో నాకు ముఖ్యమైన పాఠం ఇది. తొందరపడకుండా చదవండి.

మన దగ్గర ‘నోటరీ కొట్టించుకొచ్చిన’ అంటారు. ఆ మాటలో కొట్టడం ఉంది కానీ మనిషి లేడు. నోటరీ పనికి ప్రాణం మనిషి. ఫలానా మనిషి, ఫలానా రోజు, నా ముందుకు వచ్చి, తెలిసి, ఇష్టపడి ఈ సంతకం పెట్టాడు అని నోటరీ చెబుతాడు. కాగితంలో రాసింది నిజమని ఆయన చెప్పడు. ఆ భారం సంతకం పెట్టిన మనిషిదే. ఈ తేడా పట్టుబడితే సగం పాఠం వచ్చేసినట్టే.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1952 నోటరీల చట్టం 8వ సెక్షన్‌లో నోటరీ చేయగల పనుల జాబితా ఉంది. పత్రాలను సరిచూసి ధ్రువీకరించడం, అటెస్ట్ చేయడం. ప్రమాణం చేయించడం, అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం) తీసుకోవడం. ఒక భాష నుంచి ఇంకో భాషలోకి పత్రాన్ని అనువదించడం, చేసిన అనువాదాన్ని సరిచూడడం. ప్రామిసరీ నోటు, హుండీ, బిల్లు లాంటి డబ్బు కట్టే పత్రాలను చెల్లింపు కోసం చూపించడం, డబ్బు కట్టకపోతే ఆ సంగతి నమోదు చేయడం. విదేశంలో చెల్లాల్సిన పత్రాలను తయారుచేయడం. కోర్టు అప్పగిస్తే కమిషనర్‌గా సాక్ష్యం రాసుకోవడం, అడిగితే మధ్యవర్తిగా కూర్చోవడం. ఓడల సరుకు, ఓడ మీద అప్పు పత్రాలు కూడా జాబితాలో ఉన్నాయి. అవి రేవు పట్టణాల పని, మనం వదిలేద్దాం. ఇదే సెక్షన్ రెండో భాగాన్ని మాత్రం వదలకూడదు. నోటరీ సంతకం, అధికార ముద్ర రెండూ ఉంటేనే అది నోటరీ పని అవుతుంది. ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే కాదు.

ఇక మాటలు. అఫిడవిట్ ఇచ్చే మనిషి డిపోనెంట్. అగ్రిమెంటు, పవర్ (తన తరఫున పని చేయమని ఇంకొకరికి అధికారం ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ) లాంటివి రాసిచ్చే మనిషి ఎగ్జిక్యూటెంట్. పవర్ ఇచ్చేవాడు ప్రిన్సిపల్, పుచ్చుకునేవాడు ఏజెంట్. అసలు కాగితంతో పోల్చి చూసి ‘ఇది దాని నకలే’ అని రాస్తే ట్రూ కాపీ. అసలు చూపించకుండా జిరాక్స్ మీద ట్రూ కాపీ ముద్ర అడగడం తప్పు, వేయడం ఇంకా తప్పు. డబ్బు కట్టని బిల్లు మీద ఆ విషయం రాయడం నోటింగ్, దాని మీద ఇచ్చే సర్టిఫికెట్ ప్రొటెస్ట్. ఈ రెండూ 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని మాటలు. జిల్లా కోర్టుల దగ్గర రోజూ వినబడవు గానీ నోటరీ ఎంపిక ఇంటర్వ్యూలో అడిగితే చెప్పగలగాలి.

అన్నిటికంటే పెద్ద మాట జురాట్. అఫిడవిట్ చివర, డిపోనెంట్ సంతకం కింద నోటరీ రాసే రెండు మూడు వరుసలు: ‘ఈ రోజు, ఫలానా తేదీన, హనుమకొండలో, డిపోనెంట్ నా ఎదుట ప్రమాణం చేసి సంతకం చేశారు’. తేదీ, ఊరు, ‘నా ఎదుట’. ఈ మూడిట్లో ఏది అబద్ధమైనా పైనున్న పేజీలన్నీ ఉత్త కాగితాలే.

నేను ఇది పుస్తకంలో నేర్చుకోలేదు. జూనియర్‌గా చేరిన కొత్తలో పరకాల వైపు ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. తండ్రి పోయాడు, భూమి విరాసత్ (వారసుడి పేరు మీదికి మార్పు) చేయించుకోవాలి. చెల్లెకు అభ్యంతరం లేదని ఆమె పేరున అఫిడవిట్ కావాలి. కాగితం మీద సంతకం అప్పటికే ఉంది. “చెల్లె బిడ్డ కాన్పుకు పోయింది సార్, ఇంటికాడనే పెట్టించుకొచ్చిన” అన్నాడు. నేను నమ్మాను. అదాలత్ దగ్గర ఒక నోటరీకి ఇస్తే ఆయనా ఏమీ అడగలేదు. ఐదు నిమిషాల్లో ముద్ర పడింది.

రెండేళ్లకు ఆ చెల్లె మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. “సారూ, నేను ఎన్నడు హన్మకొండ కోర్టు మొఖం చూడలె. ఈ సంతకం నాది కాదు. మీరెట్ల నమ్మిన్రు?” అంది. నా దగ్గర జవాబు లేదు. దావా నడిచింది. కోర్టు నోటరీ రిజిస్టరు తెప్పించింది. ఆ తేదీ వరుసలో ఆమె పేరుంది, ఊరుంది, ఫీజు ఉంది. మనిషి సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడే చివరికి ఆమెను గెలిపించింది. కానీ ఆమె కోర్టు చుట్టూ తిరిగిన ఏళ్లలో నా వంతు తప్పు ఉంది. అందుకే ‘నా ఎదుట’ గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

ఆ రిజిస్టరు గురించి చెప్పాలి. ప్రతి నోటరీ నియమాల్లో ఇచ్చిన ఫారం ప్రకారం రిజిస్టరు పెట్టాలి. తీసుకున్న ఫీజుకు రసీదు ఇవ్వాలి. ఫీజు పట్టిక ఆఫీసు లోపలా బయటా కనబడేలా ఉంచాలి. ఏటా జనవరి మొదటి వారంలో పోయిన ఏడు చేసిన పనుల లెక్క ప్రభుత్వానికి పంపాలి. మీరు నోటరీ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు అడగండి: రిజిస్టరులో నా వరుస ఏది, సీరియల్ నంబరు కాగితం మీద వేశారా, రసీదు ఏది? ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. మంచి నోటరీ అయితే మీరు అడగకముందే రిజిస్టరు తిప్పి మీ ముందు పెడతాడు.

అఫిడవిట్ రాయడం ఇప్పుడు నేర్చుకుందాం. మొదటి వరుసలో డిపోనెంట్ పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, పూర్తి చిరునామా. తర్వాత పేరాలకు నంబర్లు వేసి, ఒక్కో పేరాలో ఒక్కో విషయం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డర్ ప్రకారం, అఫిడవిట్‌లో డిపోనెంట్‌కు స్వయంగా తెలిసినవే ఉండాలి. మధ్యంతర దరఖాస్తుల్లో (కేసు నడుస్తుండగా వేసేవి) మాత్రం నమ్మకాన్ని కూడా రాయవచ్చు, కానీ ఆ నమ్మకానికి ఆధారం చెప్పాలి. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ‘మా నాన్న ఫలానా రోజు చనిపోయారు, నేను ఆ రోజు అక్కడే ఉన్నాను’ అనడం తెలిసిన విషయం. ‘మా తాత ఆ పొలం కొన్నారని మా నాన్న చెప్పారు’ అనడం విన్న విషయం. రెంటినీ ఒకే పేరాలో కలిపితే, అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ పేరానే.

చివర వెరిఫికేషన్: ‘పై పేరాల్లో రాసినవి నాకు తెలిసినంతవరకు నిజం, ఏమీ దాచలేదు’. కింద డిపోనెంట్ సంతకం పెట్టకండి, ఖాళీగా ఉంచండి. సంతకం నోటరీ ముందే. ప్రతి పేజీ కింద కూడా అక్కడే. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కన పొట్టి సంతకాలు. నోటరీ గుర్తింపు కార్డు చూస్తాడు, లేదా మనిషిని ఎరిగిన వకీలు ‘నేను గుర్తించాను’ అని రాసి సంతకం చేస్తాడు. తర్వాత ప్రమాణం. దేవుని మీద ప్రమాణం చేయడానికి ఇష్టం లేని మనిషి మనస్సాక్షిగా నిశ్చయంగా చెప్పవచ్చు. 1969 ప్రమాణాల చట్టం ఆ వీలు ఇచ్చింది.

చదువు రాని పెద్దవాళ్ల విషయంలో ఇంకో మెట్టు ఉంది. నిశానీ (వేలిముద్ర) వేసే ముందు కాగితం మొత్తం వాళ్లకు తెలిసిన భాషలో చదివి చెప్పాలి. చదివి వినిపించాం, అర్థమైందని అన్నారు అని జురాట్‌లో రాయాలి. మా సీనియర్ గారు కాగితం చదివి ఊరుకునేవారు కాదు. “అవ్వా, ఇప్పుడు నువ్వే చెప్పు, ఇండ్ల ఏమున్నది?” అని అడిగేవారు. ఆమె తన మాటల్లో చెప్పాకే సిరా డబ్బీ తీసేవారు. ఈ పద్ధతి చట్టంలో లేదు. మీరు మాత్రం పాటించండి.

నోటరీతో కాని పనులు కూడా తెలియాలి. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల ఇల్లు, భూమి అమ్మకం 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ కావాల్సిందే. బాండ్ పేపర్ మీద రాసి నోటరీ చేయిస్తే ప్లాటు మీది కాదు. అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా కలిపి అమ్మినట్టు రాసుకునే అలవాటు గురించి సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది: అలాంటి కాగితాలతో హక్కు మారదు. సాదాబైనామా వేరే సంగతి. అది తెల్ల కాగితం మీది కొనుగోలు, దానికి నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన అది రిజిస్ట్రేషన్ అయిపోదు. వీలునామాకు నోటరీ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. పెళ్లి, విడాకులు నోటరీ కాగితంతో జరగవు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చదువుతున్నవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా. దుబాయిలో ఉన్న అన్న తన తరఫున డాక్యుమెంటు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయమని తమ్ముడికి పవర్ పంపాలంటే, అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ అక్కడి నోటరీ పబ్లిక్ ముందు గానీ రాసి ధ్రువీకరించుకోవాలి. ఆ పవర్ మన దేశానికి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అదే అన్న సెలవు మీద ఇంటికి వచ్చి ఉంటే, అదే పవర్‌ను ధ్రువీకరించాల్సింది నోటరీ కాదు, సబ్ రిజిస్ట్రార్. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ అది. సెలవు చివరి రోజున హడావుడిగా నోటరీ చేయించి విమానం ఎక్కి, ఆఫీసులో కాగితం తిప్పి పంపితే ఫోన్‌లో బాధపడ్డవాళ్లను చూశాను. సెలవులో మొదటి వారమే ఆ పని పెట్టుకోండి.

నోటరీ కావాలనుకునే లా విద్యార్థులు, జూనియర్ల కోసం నియామకం సంగతి. మామూలు దారిలో వకీలుగా కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఇతర వెనుకబడిన తరగతులవాళ్లకు, మహిళలకు 7 ఏళ్లు. న్యాయసేవలో 10 ఏళ్లు పనిచేసినవాళ్లకు, ఇండియన్ లీగల్ సర్వీస్ వాళ్లకు వేరే దారులున్నాయి. దరఖాస్తును నోటరీల నియమాలు మెమోరియల్ అంటాయి. దాని మీద మెజిస్ట్రేటు, జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఊళ్లో పేరున్న ఇద్దరు సంతకాలు చేయాలి. తర్వాత అభ్యంతరాలకు అవకాశం, ఇంటర్వ్యూ బోర్డు. ఎంపికైతే రిజిస్టరులో పేరు ఎక్కుతుంది, 5 ఏళ్లకు సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ వస్తుంది. రెన్యువల్‌కు గడువు ముగిసే 6 నెలల ముందే అడగాలి. కేంద్రం నియమించినా రాష్ట్రం నియమించినా చేసే పని ఒకటే. తేడా సర్టిఫికెట్‌లో రాసిన ప్రాంతంలో ఉంటుంది. సర్టిఫికెట్ లేకుండా నోటరీనని చెప్పుకుంటే జైలు శిక్ష ఉంది.

ఇప్పుడు అభ్యాసం. ఒక అఫిడవిట్ ఇలా ఉంది. బాండ్ పేపర్ కొన్న తేదీ మార్చి 12. మొదటి పేరాలో డిపోనెంట్ వయసు 61 అని టైపు చేసి, పెన్నుతో కొట్టి 67 అని రాశారు, పక్కన ఏమీ లేదు. మూడో పేరా: ‘పక్కింటివాళ్లు చెప్పగా సరిహద్దు రాయి కదిలిందని తెలిసింది, అది నిజం’. కింద సంతకం బదులు బొటనవేలి ముద్ర. జురాట్: ‘మార్చి 10న హనుమకొండలో నా ఎదుట సంతకం చేశారు’. నోటరీ సంతకం ఉంది, గుండ్రటి ముద్ర లేదు, సీరియల్ నంబరు లేదు.

నేను లెక్కపెడితే ఆరు లోపాలు వచ్చాయి. ఒక్కోదాని పక్కన అది ఎందుకు లోపమో ఒక వాక్యం రాయండి. తర్వాత మూడో పేరాను కోర్టులో నిలబడేలా మీ మాటల్లో తిరిగి రాయండి. జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠం అనువాదం సరిచూసి ధ్రువీకరించే పని గురించి, కాబట్టి దగ్గరలో ఒక పాత ఉర్దూ పహాణీ (భూమి వివరాల రెవెన్యూ రికార్డు) నకలు దొరికితే తీసి పెట్టుకోండి.