ఖాళీ ఇల్లు, కొత్త మేనేజర్

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా అద్దె ఇల్లు నెలల తరబడి ఖాళీగా పడి ఉంది. ఇంటి బాగోగులు, అద్దె వ్యవహారాలు చూసే మేనేజరును అడిగితే "మార్కెట్ బాగాలేదండీ" అనేవారు. ప్రకటన తెరిచి చూస్తే మొదటి ఫొటోలోనే పాత అద్దెదారు వదిలేసిన పరుపు, గోడకు ఆనించి! ఇక మాటలు అనవసరం అనిపించింది.

ఒప్పందంలోని రద్దు షరతు ప్రకారం 30 రోజుల నోటీసు ఈమెయిల్లో పంపి, తాళాలు, గ్యారేజి రిమోట్ తీసుకున్నాను. అసలు చిక్కు ఏజెంట్లందరూ చూసే ఎం.ఎల్.ఎస్. జాబితాలోని పాత ప్రకటన. దాన్ని తీయించాకే కొత్త సంస్థతో సంతకం చేశాను. ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ సంస్థకు రుసుము ఉండదని ముందే రాయించుకున్నాను. బీమా కంపెనీకీ చెప్పాను. ఇల్లు వరుసగా 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే చాలా పాలసీలు కొన్ని నష్టాలకు పరిహారం ఇవ్వవు.

కొత్త మేనేజర్ ఇల్లు శుభ్రం చేయించి, చుట్టుపక్కల ఇళ్లతో పోల్చి అద్దె కాస్త తగ్గించారు. ఆగస్టులో బడులు తెరవకముందే ఒక కుటుంబం దిగింది.