తూర్పు ఆఫ్రికాకు పనికి వెళ్లేవాళ్లు స్వాహిలి మాటలు పట్టుకునే తీరు

టాంజానియాకో కెన్యాకో పనికి బయల్దేరే నెల్లూరు, ఒంగోలు వాళ్లు స్వాహిలిని ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని నేర్చుకుంటారు. అది చుట్టుదారి. ఇంగ్లీషులో లేని తేడాలు తెలుగులోనూ స్వాహిలిలోనూ ఉన్నాయి, నేరుగా తెలుగులోంచి వెళ్తేనే తేలిక.

వరి సంగతే చూడండి. ఇంగ్లీషులో అంతా రైసే. స్వాహిలిలో వడ్లు మ్పూంగ, బియ్యం మ్చేలె, అన్నం వాలి. అంగట్లో వాలి కావాలంటే బియ్యం తూచరు, హోటలు చూపిస్తారు.

ముందు పలుకుబడి. చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తి పలకాలి. అందుకే ఇక్కడ దానికి దీర్ఘం ఇచ్చి రాశాం. మాట మొదట్లో 'మ్' వస్తే పెదాలు మూసి ఆ ఒక్క హల్లునే పలకండి. మనిషిని మ్తు అనాలి. ముందు ఓ 'ఎ' తగిలించి 'ఎంతు' అనడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. అచ్చుతో ముగియడం మాత్రం మనకు అలవాటే. మనం బస్సు, బ్యాంకు అన్నట్టే వాళ్లు బాసి, బేంకి అంటారు.

బహువచనం దగ్గర జాగ్రత్త. మన 'లు' చివర చేరుతుంది, అక్కడ మార్పు మొదట్లో జరుగుతుంది. మ్తు మనిషి, వాతు మనుషులు. కిసీమ బావి, విసీమ బావులు. జీవె రాయి, మావె రాళ్లు. చీమకుర్తి క్వారీల నుంచి వెళ్లే మేస్త్రీలకు ఈ చివరి జంట మొదటిరోజే కావాలి. అరువు మాటల్నీ ఈ పద్ధతి వదల్లేదు. కితాబు అరబ్బీ మాట, అయినా పుస్తకాలు వితాబు అయ్యాయి. విశేషణమూ పేరుమాట వెంటే మారుతుంది: మంచి పుస్తకం కితాబు కిజూరి, మంచి పుస్తకాలు వితాబు విజూరి. నిఘంటువులో వితాబు దొరకలేదంటే తప్పు నిఘంటువుది కాదు, 'కి' కింద వెతకాలి.

క్రియను విప్పడం వస్తే సగం భాష వచ్చినట్టే. జీతం రోజు వినిపించే అలినిలీప తీసుకోండి. 'అ' అంటే అతను లేదా ఆమె, 'లి' జరిగిపోయిన కాలం, 'ని' నాకు, 'లీప' చెల్లించు. నాకు డబ్బు ఇచ్చాడు అని అర్థం. 'లి' తీసి 'త' పెడితే అతనిలీప, ఇస్తాడు. హతనిలీప అంటే ఇవ్వడు, హజనిలీప అంటే ఇంకా ఇవ్వలేదు. ఈ చివరి రెండూ కలగాపులగం చేస్తే మేనేజరుతో అనవసరంగా తగాదా వస్తుంది. 'త'నా 'జ'నా అని చెవి పెట్టి వినండి.

గడియారం దగ్గర ఇంకా పెద్ద చిక్కు. మన పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచి లెక్కించినట్టే వాళ్లూ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తారు. సా మోజ, అంటే ఒకటో గంట, మన ఉదయం 7. సా మ్బీలి అంటే 8, సా సీత మధ్యాహ్నం 12. విన్న అంకెకు 6 కలపండి, 12 దాటితే 12 తీసేయండి. పనికి సా మ్బీలికి రమ్మంటే మధ్యాహ్నం 2 గంటలకు వెళ్లేరు! ఉదయమా రాత్రా అన్నది అసుబూహి, ఉసీకు అనే మాటలు చెబుతాయి, అవి అడిగి ఖాయం చేసుకోండి. ఫోనులోనూ బస్సు టిక్కెట్టు మీదా అంకెల్లో ఉన్న టైము మామూలుదే కావచ్చు, కాబట్టి ఏ లెక్కో అడగండి.

తెలుగులా వినిపించి మోసం చేసే మాటలు కొన్ని. కోడి అంటే అద్దె, పన్ను కూడా. తినే కోడి కూకు. బాబు అంటే తాత, మామ అంటే అమ్మ, దాద అక్కచెల్లెళ్లకు, కాక అన్నకు. పెద్ద వయసు ఆడవాళ్లను మామ అనడమే అక్కడ మర్యాద. నెల్లూరు రొయ్యల గుంటల మీద పనిచేసినవాళ్లకు ఇంకొకటి: కాంబ అంటే రొయ్య, తాడు కూడా. గుంట బ్వావ. పేస, రంగి, బీమ, చపాతి మాత్రం మనకు తెలిసిన అర్థాలే, టాంజానియాలో లక్షను లాకి అంటారు.

గారు, మీరు అనే తేడా మనలా లేదు. గౌరవం పలకరింపులో ఉంటుంది. పెద్దవాళ్లు కనబడితే షికమో అనండి, వాళ్లు మరహాబ అంటారు. ఏదైనా కావాలంటే నతాక అనకండి, అది 'నాకు కావాలి' అన్నట్టు మొరటుగా ఉంటుంది. నఓంబ మాజి, అంటే నీళ్లు ఇప్పించండి. పోలె అన్న మాట విని తప్పు ఒప్పుకుంటున్నారనుకోవద్దు, మీ చేతికి దెబ్బ తగిలినా, అలసిపోయి కనబడినా అయ్యో పాపం అన్నట్టు పోలె అంటారు. పెళ్లయిందా అని అడిగితే హపాన, అంటే లేదు, అని కొట్టిపారేయకుండా బాడొ అనండి, ఇంకా కాలేదని.

నోటుబుక్కులో పేరుమాటను ఒంటరిగా రాయొద్దు. కిసీమ పక్కనే విసీమ, జీవె పక్కనే మావె రాయండి. క్రియలకు మూడు రూపాలు చాలు: లీప చెల్లించు, లీప్వ చెల్లింపు పొందు, లిపీష చెల్లించేలా చేయి. పది క్రియలు ఇలా రాసుకుంటే ముప్పై మాటలు చేతిలో ఉంటాయి.