పదిహేను మందిని కొండెక్కించి దించే లెక్క

మన భాషలో దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని అర్థం. అందుకే ఆదివారాలు జనాన్ని కొండెక్కిస్తున్నానని నేను ఎవరితోనైనా అంటే మా ఆవిడకు కోపం వస్తుంది. "కొండకు తీసుకువెళ్తున్నానని అనండి, నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంటుంది. విశాఖ ఓడరేవులో సరుకు లెక్కలు రాసే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి నేను. ఓడలోంచి దిగిన బస్తాలు, లారీ ఎక్కిన బస్తాలు సరిపోతేనే ఆ రాత్రి నిద్ర పట్టేది. ఇప్పుడు బస్తాల బదులు మనుషులు. బస్తాకు మాత్రం తనంతట తాను నడిచిపోయే అలవాటు లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో మొదటి ఏడాదే భీమిలి దారిలోని పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ మీద తెలిసింది. పద్నాలుగు మందిమి ఎక్కాం. దిగబోతూ లెక్కపెడితే పదమూడు. నీటి తొట్ల దగ్గర, స్తూపం వెనక, తుప్పల్లో, పది గంటల ఎండలో ముప్పావు గంట వెతికాం. చివరికి ఫోను కలిసింది. ఆయన కింద మంగమారిపేటలో ఇడ్లీలు తింటున్నారు. ఆకలేసి ముందే దిగిపోయారట. ఆయన్ను తిట్టి లాభం లేదు, మధ్యలో వెళ్లిపోవాలంటే ఎవరికి చెప్పాలో నేనే చెప్పలేదు.

అప్పటినుంచి ముగ్గురు పనివాళ్లు లేకుండా బయలుదేరను. ముందు నడిచే మనిషి, అందరికంటే వెనక నడిచే మనిషి, మధ్యలో అటూ ఇటూ తిరిగే మనిషి. ముందు మనిషిని దాటి ఎవరూ వెళ్లకూడదు, వెనక మనిషికంటే ఎవరూ వెనకబడకూడదు. ఎవరైనా తుప్పల చాటుకు వెళ్లాలన్నా, ఇంటికి వెళ్లిపోవాలన్నా వెనక మనిషికే చెప్పాలి. అందరూ ముందు నడిచే పనికే పోటీపడతారు గానీ, అసలు అనుభవం కావలసింది వెనక. మా బృందంలో ఆ పని చేసేది ఒక విశ్రాంత నర్సు. ఎవరి నడక తడబడుతోందో, ఎవరు మాట్లాడటం మానేశారో ఆవిడకు వీపు చూస్తేనే తెలిసిపోతుంది. బృందం పదిహేనుకు మించనివ్వను. "మా తోడల్లుడు కూడా వస్తాడండీ" అని పదహారో మనిషిని తెచ్చినవారిని వచ్చే ఆదివారానికి రాసుకుంటాను. మొహమాటపడితే పదహారు ఇరవై అవుతుంది.

ఇక కాలం సంగతి. పంచాంగం వసంతాన్ని చైత్ర వైశాఖాలకు రాసిచ్చింది. విశాఖలో నడవడానికి పనికొచ్చే వసంతం మాత్రం మాఘం చివర మొదలై, ఉగాది దాటిన రెండు మూడు వారాలకే అయిపోతుంది. ఫిబ్రవరి రెండో సగంలో కొండగోగు ఆకులన్నీ రాల్చుకుని మోడుకొమ్మల మీద పసుపు పూలు పెడుతుంది. మోదుగలు ఎర్రబారతాయి. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధిస్తుంది. ఈ మధ్యలో దొరికే ఆదివారాలు ఎనిమిదో తొమ్మిదో. అందులో పదో తరగతి పరీక్షలున్న వారాల్లో తల్లిదండ్రులెవరూ రారు. వైశాఖ శుద్ధ తదియనాడు చందనోత్సవం కాబట్టి సింహాచలం దరిదాపులకు వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

రోజు కుదిరాక గడియారాన్ని వెనక నుంచి తిప్పాలి. ఎప్పుడు బయలుదేరాలి అని కాదు, ఎండ ముదరకముందు ఎప్పటికి కింద ఉండాలి అన్నది మొదటి ప్రశ్న. మార్చిలో నా గీత తొమ్మిదిన్నర. తొట్లకొండ దిగడానికి మా బృందానికి నలభై నిమిషాలు, పైన చూడటానికి గంటా పది నిమిషాలు, ఎక్కడానికి గంట, జోళ్లు బిగించుకోవడానికి, ఫొటోలకు, అనుకోని వాటికి అరగంట. వెనక్కి లెక్కపెడితే 6.10కి కదలాలి. కాబట్టి అందరికీ 5.45 అని చెబుతాను. మార్చి నడుమ మనకు సూర్యోదయం ఇంచుమించు ఆరింటికే, కాబట్టి టార్చీలు అక్కర్లేదు. గేటు తెరిచే వేళ మాత్రం ముందురోజే కనుక్కోండి. అందరినీ చీకట్లో లేపి తీసుకువెళ్లి తాళం ముందు నిలబెట్టిన ఘనత నాకుంది.

దారిని ఎంచుకునేటప్పుడు చాలామంది అందం చూస్తారు. నేను నీడా గాలీ చూస్తాను, రెండూ ఒకచోట దొరకవు. తొట్లకొండ సముద్రానికి ఎదురుగా ఉంటుంది, గాలి ఆడుతుంది, పైన నీడ మాత్రం తక్కువ. కంబాలకొండ లోపల నీడ ఉంటుంది, గాలి ఉండదు. కొండల చాటున చెట్ల కింద నడుస్తున్నా చొక్కా పిండుకోవలసి వస్తుంది. కొత్తవారు నీడను చూసి నీళ్లు తక్కువ తెచ్చుకునేది అక్కడే. పైగా అది అభయారణ్యం, చిరుతలు తిరిగే అడవి. అటవీ శాఖ అనుమతి, వారు చూపించిన దారి, వారి మనిషి తోడు ఉంటేనే వెళ్తాను. వేసవి ముందర ఎండుటాకులు మోకాళ్లదాకా పేరుకుంటాయి. ఒక్క సిగరెట్టు పీక చాలు. పొగ తాగేవారి అగ్గిపెట్టెలు బయలుదేరేటప్పుడే నా సంచిలోకి వస్తాయి. నా వయసు చూసి ఎవరూ కాదనరు.

వారం ముందు ఆ దారిలో నేను ఒకసారి నడిచి వస్తాను. నిరుడు నడిచిన దారే కదా అని ఊరుకుంటే ఏమవుతుందో దూలగొండి నేర్పింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాని కాయలు ఎండి, నూగు గాలికి రేగుతుంది. ఒకసారి భీమిలి వైపు కొండవాలులో ఒక పిల్లవాడు కర్రతో ఆ తీగను కొట్టాడు. వాడి వెనక నడుస్తున్న ఆరుగురూ గోక్కోవడం మొదలుపెట్టారు. గోకినకొద్దీ నూగు లోపలికి దిగుతుంది. అంటుకునే టేపును చర్మం మీద అద్ది తీస్తే నూగు దాంతోపాటు చాలావరకు వచ్చేస్తుంది. ఆ తరవాతే నీళ్లతో కడగాలి. అందుకే నా సంచిలో టేపు చుట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ముందస్తు నడకలో ఇలాంటి తీగలు, తేనెపట్టులు, ఎండుటాకు జారే వాలు, ఫోను పలికే ఆఖరి చోటు, బండి రాగలిగే ఆఖరి చోటు కాగితం మీద గుర్తుపెట్టుకుంటాను. 108కి ఫోను చేస్తే ఎక్కడికి రమ్మని చెప్పాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు. పెద్ద తేనెపట్టు కనిపిస్తే దారే మారుస్తాను. అత్తరు పూసుకుని రావద్దని ముందే చెబుతాను, అయినా ఒకరు పూసుకునే వస్తారు.

నీళ్లు మనిషికి రెండు లీటర్లు. సీసా చూపించనిదే అడుగు వేయనివ్వను. దాహం వేసినప్పుడు కాదు, నేను ఈల వేసినప్పుడు తాగాలి, ఇరవై నిమిషాలకు ఒకసారి. ఎవరైనా నీరసపడితే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఈ పొట్లాలు ఇంట్లోనే కొలిచి కట్టుకుంటాను. మాట తడబడినా, తికమకగా జవాబు చెప్పినా అది నీరసం కాదు, వడదెబ్బ. నడక ఆపి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూనే బండి కోసం ఫోను చెయ్యాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. తిండికి వేరుశనగ ఉండలు, అటుకులు, అరటిపళ్లు చాలు. దద్దోజనం వద్దు, వీపు మీది సంచిలో పులిసిపోతుంది. పులిహోర తెచ్చే ఇల్లాళ్లను మాత్రం ఆపే ధైర్యం నాకు లేదు.

నడిపించేవాడు ఏదో ఒకటి చెప్పాలి కదా. తొట్లకొండ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చిందని, రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వానకాలం నీటిని అందులో పట్టుకునేవారని, నౌకాదళం వారి సర్వేలో ఈ చోటు బయటపడితే 1988లో తవ్వకాలు మొదలయ్యాయని చెబుతాను. అంతా పైకి వెళ్లాక చెప్పను. దారిలో నాలుగుచోట్ల ఆగి, చోటుకో ముక్క చెబుతాను. నెమ్మదిగా నడిచేవారు ఆయాసం తీర్చుకోవడానికి ఇచ్చే విరామానికి కథ అని మర్యాదగా పేరుపెట్టాను, అంతే. ఆఖరి మనిషి వచ్చి, నాలుగు గుక్కలు తాగాకే కథ మొదలవుతుంది. ముందు వచ్చినవారి విరామం ముగిసేది, వెనక వచ్చినవారి విరామం మొదలయ్యేది ఒకే క్షణంలో అయితే వెనకవారికి విరామమే లేదన్నమాట.

అరకు దారిలోని అనంతగిరి వైపు వెళ్లాలంటే ఈ లెక్కలన్నీ మారతాయి. అక్కడ ఎత్తు సాయం చేస్తుంది. విశాఖ నుంచి అటు వెళ్లే రైలు మార్గంలో శిమిలిగూడ స్టేషనే 996 మీటర్ల మీద ఉంది. కాబట్టి ఉదయం కిరండోల్ రైలులో వెళ్లి, పొద్దెక్కాక కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడన నడిచినా ఇబ్బంది లేదు. కానీ కాఫీ పూత మన క్యాలెండరు చూడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదటి వాన పడ్డ వారం పది రోజులకు తోట తెల్లబడుతుంది, మల్లెల వాసన వేస్తుంది, రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. అందుకని వరసగా రెండు ఆదివారాలు ఖాళీగా పెట్టుకోమని అందరికీ చెప్పి, తోట రైతు ఫోను కోసం ఎదురుచూస్తాను. వాన పడకపోతే ఆకులు చూసి వస్తాం.

అక్కడ నడిపించేది నేను కాదు, ఆ ఊరి కుర్రవాడు. కూలి ముందే మాట్లాడుకుని, చెప్పింది చెప్పినట్టు ఇవ్వాలి. దిగాక బేరమాడే పెద్దమనుషులను రెండోసారి పిలవను. చైత్రంలో వెళ్తే అక్కడి గిరిజనుల ఇటుకల పండుగ సంగతి కూడా కనుక్కోవాలి. ఆ రోజుల్లో మగవారు వేటకు పోతారు, దారి చూపడానికి ఎవరూ దొరకరు. ఆడవారు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాడుతూ వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు. అది వారి పండుగ ఆనవాయితీ. చిల్లర దగ్గర పెట్టుకోండి. మా బండిలో ఒకాయన దీన్ని దౌర్జన్యమన్నారు. ఇంటి ముందు సంక్రాంతి హరిదాసు వస్తే ఏమంటారని అడిగాను. పది రూపాయలు తీశారు.

డబ్బు ముందే వసూలు చేయండి. కట్టినవాడే తెల్లవారుజామున లేస్తాడు. తల లెక్క నాలుగుసార్లు: బండి దిగాక, పైకి చేరాక, దిగేముందు, బండి ఎక్కాక. పేర్లు పిలవకుండా ఊరికే తలలు లెక్కపెడితే దారిన పోయేవాడు కూడా లెక్కలో కలిసిపోతాడు. ఇంటికి వచ్చాక స్నానానికి ముందే పుస్తకంలో రాస్తాను. మరునాటికి కాలాలు కలిసిపోతాయి. మొన్నటి పద్దు ఇది:

తొట్లకొండ. ఎక్కినవారు 15, దిగినవారు 15. బయలుదేరింది 6.25, పావుగంట ఆలస్యం (జోడు తెగింది, తాడు పట్టుకెళ్లాలి). మూడో మలుపులో మోదుగ పూత అయిపోవచ్చింది. స్తూపం దగ్గర కందిరీగల గూడు. ఇడ్లీల ఆయన వచ్చారు, ఆఖరిదాకా ఉన్నారు.