ఇంటి దగ్గరే కారు బ్రేకులు – మూడో పాఠం: ముందు చక్రాల ప్యాడ్లు

పోయిన పాఠంలో జాకీ ఎక్కడ ఆనించాలో, స్టాండ్లు ఎక్కడ పెట్టాలో చూశాం. ఈసారి చక్రం ఊడదీసి ప్యాడ్లు, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ను రెండువైపులా నొక్కి ఆపే పలకలు, మారుస్తాం. అంతకంటే ముందు పక్క ఫ్లాట్ల వాళ్ల సంగతి తేల్చుకోవాలి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సెల్లార్‌లో పానా పట్టుకుంటే చాలు, "షెడ్డుకు పంపొచ్చుగా బాబూ" అని ఎవరో ఒకరు అంటారు. వాళ్ల అభ్యంతరాలు నేల మీద మరకలు, దారికి అడ్డం, ఆదివారం పూట చప్పుడు. మూడూ న్యాయమైనవే, మూడింటికీ మందు ఉంది. కారు కింద పాత ఫ్లెక్సీ పరిస్తే మురికి దానిమీదే పడుతుంది, పని అయ్యాక మడిచి తీసేయొచ్చు. వీల్ నట్లు రావట్లేదని సుత్తితో కొట్టకండి, పొడుగు పిడి ఉన్న పానా వేస్తే చప్పుడు లేకుండా వదులవుతాయి. ముందురోజే వాచ్‌మన్‌కూ, పక్క స్లాట్ వాళ్లకూ "రేపు తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా పని ఉందండీ, మీ బండి తీయాలంటే ఒక్క పిలుపు పిలవండి" అని చెప్పి ఉంచితే సగం గొడవ ఉండదు. ర్యాంపు మీద మాత్రం ఎవరు ఒప్పుకున్నా పని పెట్టుకోవద్దు, కారు జారుతుంది.

సెల్లార్‌లో షాబాద్ బండలుంటే స్టాండు కాళ్ల కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేయండి. కింద గుల్లగా ఉన్న బండ బరువుకు పగులుతుంది. అప్పుడు కారుకూ ప్రమాదం, అసోసియేషన్‌తో తగాదా అదనం.

కావలసినవి: 2 టన్నుల స్టాండ్లు రెండు, 12, 14, 17 నంబర్ల సాకెట్లు, సి-క్లాంప్ (మర తిప్పి నొక్కే సి ఆకారపు పట్టు), వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ డబ్బా, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు, టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది). ఇవన్నీ రాణీగంజ్‌లో దొరుకుతాయి. ప్యాడ్లు కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చెబితే చాలదు, తయారైన సంవత్సరం, వేరియంట్ కూడా చెప్పాలి. ఎడమ, కుడి కలిపి నాలుగు ప్యాడ్లూ ఒకేసారి మార్చాలి. విప్పడం మాత్రం ఒక్కో వైపే, ఏ క్లిప్పు ఎటు ఉండాలో సందేహం వస్తే రెండోవైపు చూసుకోవచ్చు.

చక్రం తీశాక బ్రేక్ దుమ్మును నోటితో ఊదకండి, గాలిపంపుతో అసలే వద్దు. అది మీ ఊపిరితిత్తులకూ, పక్క కారు బానెట్‌కూ మంచిది కాదు. క్లీనర్ కొట్టి, తడిగా ఉండగానే పాతగుడ్డతో తుడవండి.

ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతుంది. కింది పిన్ను బోల్టు విప్పితే చాలా చిన్న కార్లలో కాలిపర్ పైకి తిరుగుతుంది. పూర్తిగా ఊడదీయాల్సి వస్తే తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. బ్రేక్ ఆయిల్ వచ్చే రబ్బరు పైపు మీద బరువు పడకూడదు, లోపల పగిలినా పైకి కనబడదు.

ఇప్పుడు పాత ప్యాడ్లు చేతిలోకి తీసుకుని చూడండి. ఈ పాఠంలో అసలు చదువు ఇదే. ఇనుప పలక కాకుండా, అరిగే పొర మందం 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. కానీ రెండూ సమానంగా అరిగాయా? లోపలిది బాగా అరిగి బయటిది మిగిలి ఉంటే పిన్నులు బిగుసుకున్నట్టు, లేదా పిస్టన్ (ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్‌ను నెట్టే, కాలిపర్‌లోని గుండ్రని ముక్క) వెనక్కి రానట్టు. పిన్నులను చేత్తో లాగి చూడండి, నున్నగా జారితే అనుమానం పిస్టన్ మీదకే. ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగితే, అది కూర్చునే గాడిలో తుప్పు పట్టి ఇరుక్కుందని అర్థం. వానాకాలమంతా నీళ్లు నిలిచే రోడ్ల మీద తిరిగిన కార్లలో ఇది మామూలే. దీన్ని సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే పోతాయి. గాడిని వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా గీకండి.

పిన్నులు తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా పూయండి. మామూలు గ్రీజు వేస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. ఎక్కువ పూసినా లోపల గాలి ఇరుక్కుని పిన్నును బయటికి నెడుతుంది. కొన్ని కార్లలో ఒక పిన్నుకు రబ్బరు తొడుగు ఉంటుంది, దాన్ని దాని రంధ్రంలోనే పెట్టాలి.

డిస్క్ కనీస మందం దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అంచున అరగని గట్టు ఉంటుంది కాబట్టి వెర్నియర్ (మందం కొలిచే సాధనం) నేరుగా పెడితే మందం ఎక్కువ చూపిస్తుంది. డిస్క్‌కు రెండువైపులా ఒక్కో రూపాయి నాణెం ఆనించి కొలవండి, వచ్చినదాంట్లోంచి రెండు నాణేల మందం తీసేయండి.

మందమైన కొత్త ప్యాడ్లు పట్టాలంటే పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. నెట్టే ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగిన రోజుల్లో ఎవరైనా ఆయిల్ నింపి ఉంటే ఇప్పుడు పొంగుతుంది. సిరంజితో కొంచెం తీసేయండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేస్తుంది. పాత ప్యాడ్‌ను పిస్టన్‌కు అడ్డం పెట్టి సి-క్లాంప్‌ను మెల్లగా తిప్పండి. పిస్టన్ చుట్టూ రబ్బరు చిరిగినా, తడిగా కనబడినా అక్కడితో ఆపి కాలిపర్ రిపేరుకు ఇవ్వండి.

కొత్త ప్యాడ్లు పెట్టి, బోల్టులు, వీల్ నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించండి. నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాలి, చివరి బిగింపు చక్రం నేల మీద ఆనాకే.

ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండండి. మొదటిసారి అది కిందిదాకా పోతుంది. ఇది మరిచి సెల్లార్‌లో కారు కదిపితే ఆగేది ఎదుటి గోడ దగ్గరే. తర్వాత ఆయిల్ మట్టం చూడండి.

కొత్త ప్యాడ్లు డిస్క్‌కు కుదురుకోవాలి. అందుకు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని బ్రేకు తొక్కి గంటకు 50 నుంచి 15 కిలోమీటర్లకు ఒక మాదిరిగా తగ్గించండి. మధ్యలో చల్లారనిస్తూ పది, పదిహేనుసార్లు చేయాలి. వేడిగా ఉండగా పెడల్ తొక్కిపట్టి నిలబెట్టొద్దు. దీనికి ఔటర్ రింగ్ రోడ్డు పనికిరాదు, వెనక వచ్చేవాళ్లు మీరు ఎందుకు తగ్గిస్తున్నారో ఊహించలేరు. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చూడండి.

వచ్చే పాఠం బ్రేక్ ఆయిల్ మార్చడం. కారులోని ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో, డాట్ 4 అని ఉందో (ఇవి బ్రేక్ ఆయిల్ రకాలు) చూసి ఆ రకం సీసా తెచ్చుకోండి. సీలు ఇప్పుడే తీయొద్దు, ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలుంటే, తేమ చేరాక ఆ కనీసం 155 డిగ్రీలే. ఇంకో మనిషి సాయం కూడా కావాలి: తొక్కమంటే తొక్కి, వదలమనేదాకా పెడల్ వదలనివాళ్లు.