గేమ్ గైడ్ అప్‌లోడ్ చేసే ముందు

– ఇంగ్లిష్‌లో రాసిన టెక్స్ట్ గైడ్‌ను కొరియర్ న్యూ లాంటి ఫాంట్‌లో చూసుకోండి. అందులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, పట్టికలు చెదరవు. ట్యాబ్ వద్దు, స్పేస్‌లే వాడండి. వరుస 80 అక్షరాల లోపే ఉండాలి.

– స్పెల్‌చెక్‌ను నమ్ముకోకండి. దొంగ పాత్ర 'రోగ్' రాస్తూ జీ, యూ తారుమారు చేస్తే 'రూజ్' అవుతుంది. అంటే బుగ్గలకు పూసుకునే రంగు! రెండూ సరైన మాటలే కాబట్టి ఎర్ర గీత పడదు. నేనూ ఒక గైడంతా ఇలాగే రాసి నవ్వులపాలయ్యాను.

– ఓడిపోవడానికి (lose) ఒక ఓ, వదులుకి (loose) రెండు. మన నోట రెండూ 'లూజే' కనుక ఇక్కడే ఎక్కువ జారతాం.

– 'దెన్' (then, అప్పుడు), 'దాన్' (than, కంటే) కూడా ఒకదాని బదులు ఒకటి పడ్డాయేమో వెతకండి.

– ఒక మాటను ఫైలంతా ఒకేసారి మార్చేసే 'రీప్లేస్ ఆల్' నొక్కే ముందు ఫైల్ కాపీ ఒకటి దాచుకోండి. సరిగ్గా ఉన్నవీ మారిపోతాయి.