జర్మనీలో సెమిస్టర్ అయిపోయిందా, చెప్పకుండా వచ్చేయకండి

ఎక్స్ఛేంజ్ మీద ఒక సెమిస్టర్ డ్రెస్డెన్‌లో ఉండి మార్చిలో తిరిగొచ్చా. ఇప్పుడు జూనియర్లు ఒక్కొక్కళ్ళు ఫోన్ చేసి లాస్ట్ వీక్‌లో ఏం చెయ్యాలన్నా అని అడుగుతున్నారు, అందరికీ చెప్పేది ఒకటే, ఆఫీసు పనులు నెల ముందే మొదలెట్టండి, ఆఖరి వారం మనుషుల కోసం ఉంచుకోండి. నేను సరిగ్గా తలకిందులుగా చేశా. ఆ వారమంతా ఫారాలు, బాత్రూం కడగడం, సూట్‌కేస్ తూకం వీటితోనే అయిపోయింది. మా పక్క ఫ్లాట్ పెద్దావిడ, చలికాలమంతా మెట్ల మీద నన్ను ఆపి ఓపిగ్గా జర్మన్ మాట్లాడించినావిడ, ఆ ఆదివారం కూతురింటికి వెళ్ళింది, నేను సోమవారం పొద్దున్నే ఫ్లైట్ ఎక్కేశా. ఆవిడకి చెప్పకుండా వచ్చేశానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ముందు ఆబ్మెల్డుంగ్ సంగతి. వచ్చినప్పుడు అడ్రస్ రిజిస్టర్ చేయించుకున్నాం కదా, వెళ్ళేటప్పుడు దాన్ని తీయించుకోవాలి. ఇల్లు ఖాళీ చేసే తేదీకి వారం ముందు నుంచి, ఖాళీ చేశాక రెండు వారాల లోపు చెయ్యాలి, అంతకన్నా ముందు వెళ్తే తీసుకోరు, కాబట్టి ఇది మాత్రం నెల ముందే అవ్వదు. ఆ కాగితం వచ్చాక నాలుగైదు కాపీలు, ఒక స్కాన్ పెట్టుకోండి ఎందుకంటే హెల్త్ ఇన్సూరెన్స్ ఆపాలన్నా అదే అడుగుతారు, రుండ్‌ఫుంక్ ఫీజు ఆపాలన్నా అదే. ఆ రేడియో టీవీ ఫీజు ఇంటికి నెలకి 18.36 యూరోలు, మీ పేరు మీద ఉండి మీరు ఆపకపోతే మీరు ఇండియాలో ఉన్నా బిల్లు నడుస్తూనే ఉంటుంది. జిమ్, ఫోన్ కాంట్రాక్టులు ఉంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలో ఇవాళే చూసుకోండి.

బ్యాంక్ అకౌంట్ మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. రూమ్ డిపాజిట్, అదే కౌత్సియోన్, చేతికి రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు, అది పడేదాకా అకౌంట్ మూయకండి. ఇంకోటి, జర్మన్ సిమ్ ఆపేముందు బ్యాంకు కోడ్‌లు ఏ నంబర్‌కి వస్తున్నాయో చూసుకోండి. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ మన కాలేజీకి ఎలా పంపిస్తారో కూడా ఇంటర్నేషనల్ ఆఫీసులో అక్కడున్నప్పుడే అడిగేయండి.

రూమ్ అప్పగించేటప్పుడు తొందరపడొద్దు. షవర్ మీద తెల్ల చారలు సిట్రిక్ యాసిడ్‌తో పోతాయి, గోడకి మేకుల కన్నాలుంటే పూడ్చండి, అంతా ఫోటోలు తీసి అప్పగింత కాగితం మీద సంతకం చేయించుకున్నాకే తాళాలివ్వండి. ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్ళు సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కొస్తాయి, కానీ ఆదివారం షాపులుండవు, శనివారమే కానిచ్చేయండి.

కుక్కర్, రైస్ కుక్కర్, మిగిలిన కందిపప్పు, ఇంగువ ఇవన్నీ పారేయకండి. తెలుగు స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఏప్రిల్‌లో దిగే పిల్లలు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. నా కుక్కర్ కూడా నాకన్నా ముందు ఇద్దరి చేతులు మారి వచ్చిందే.

ఇప్పుడు అసలు విషయం, మనుషులు. మనూళ్ళో లాగా సాయంత్రం వస్తున్నా అని ఫోన్ చేసి వెళ్ళిపోతే అక్కడ కుదరదు, వాళ్ళ డైరీలు ముందే నిండిపోతాయి, అందుకే మూడు వారాల ముందే ఫలానా రోజు ఫలానా టైంకి అని అడగండి. వెళ్ళేవాళ్ళే కేకో ఏదో తెచ్చి అందరికీ పెట్టడం అక్కడి అలవాటు. నేను ఫ్లాట్‌మేట్స్‌కి పులిహోర చేశా, నిమ్మకాయ పులిహోరే లెండి, చింతపండు అయిపోయింది, గిన్నె ఖాళీ అయింది. ప్రొఫెసర్‌కి, లైబ్రరీలో సాయం చేసినవాళ్ళకి చేత్తో రాసిన కార్డు ఇవ్వండి, మీ వచ్చీరాని జర్మన్‌లోనే రాయండి, తప్పులున్నా పర్లేదు. మనింట్లో పోతున్నా అంటే అమ్మ ఒప్పుకోదు, వెళ్ళొస్తా అనమంటుంది కదా, వాళ్ళ ఔఫ్ వీడర్‌జేన్‌లో కూడా మళ్ళీ చూసుకుందాం అనే ఉంది. మామూలుగా కుర్రాళ్ళం చూస్ అని తేల్చేస్తాం గానీ ఆ రోజు మాత్రం ఔఫ్ వీడర్‌జేన్ అని నిండుగా చెప్పండి.

ఒక పూట ఒక్కరే ఊరు తిరగండి. బాస్టై కొండ ఇంకా చూడకపోతే ఎస్1 రైలెక్కి రాతెన్‌లో దిగి పడవ మీద ఎల్బే నది దాటితే సరి, కానీ నా మనసులో మిగిలింది ఊళ్ళోని ఫ్రావెన్‌కిర్షె. 1945 బాంబింగ్‌లో కూలిపోయి దశాబ్దాలు శిథిలాల గుట్టగానే ఉండి 2005లో మళ్ళీ తెరిచిన చర్చి అది, తెల్ల రాళ్ళ మధ్య అక్కడక్కడా నల్లగా కనిపించేవి పాత గుడి రాళ్ళే. మొదటి వారంలో సెల్ఫీ తీసుకుని వచ్చేశా, ఆ నల్ల రాళ్ళని నిలబడి చూసింది మాత్రం ఆఖరి సాయంత్రమే.

పెద్దవాళ్ళ అడ్రసులు కాగితం మీద రాయించుకోండి, వాట్సాప్ లేనివాళ్ళు చాలామందే ఉంటారు. ఆ పెద్దావిడకి గుంటూరు నుంచి నేను ఉత్తరం రాశా, చెప్పకుండా వచ్చినందుకు క్షమించమని. నెల తర్వాత జవాబొచ్చింది, ఆవిడ దస్తూరి కూడబలుక్కుని చదవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.